తాళంచెవి నీడ

ప్రయోగశాల పక్క సామాన్ల గది,
జనవరి 6

ఒరే ఫ్యూజుగా,

ఈ ఉత్తరం చూడగానే అక్క ఫోను పాడైందేమో అనుకుంటావు. ఫోను నిక్షేపంలా ఉంది. చిక్కంతా నీతోనే. ఫోన్లో నేనేం అడిగినా "ఊ" అంటావు, "ఆ" అంటావు, ఈలోగా నీ కూతురు ఫోను లాగేసుకుంటుంది. నాకు కావలసింది ఊలూ ఆలూ కాదు. కాగితం మీద బొమ్మ గీసి, బాణాలు పెట్టి, పక్కన పేర్లు రాసి పంపాలి. ఎందుకో చెబుతాను, నవ్వకు.

నేను పదో తరగతి పరీక్ష రాస్తున్నాను.

నవ్వావు కదూ. సరే, అయిపోయిందిగా, ఇక విను. ఈ బడిలో ఇరవై ఒక్క ఏళ్లుగా ల్యాబ్ అటెండర్‌ని. ఏ బీరువాలో ఏ అరలో ఏ అయస్కాంతం ఉందో కళ్లు మూసుకుని తీసిస్తాను. ఇప్పుడు కొత్త ఉత్తర్వు వచ్చింది. పది పాసు కానివాళ్లు ప్రయోగశాలలో పనిచేయకూడదట. ఏప్రిల్లో పాసైతే బీరువాల తాళాలు నా దగ్గరే ఉంటాయి. తప్పితే హాస్టలు వరండాలు ఊడవాలి. ఊడవడం నామోషీ అని కాదు. ఆ తాళాలు నావి, నేనెవరికీ ఇవ్వను.

అప్పట్లో నేను తప్పింది ఒక్క భౌతికశాస్త్రమే, అదీ నాలుగు మార్కుల తేడాతో. నువ్వేమో తొమ్మిదేళ్లకే ప్రయోగాలు మొదలుపెట్టినవాడివి. నా జడపిన్ను తీసుకెళ్లి ప్లగ్గులో పెట్టి వీధి మొత్తం చీకటి చేశావు. "ఎవర్రా?" అని నాన్న కేకేస్తే "నేనే" అన్నాను. వాచింది నా వీపు, నీకు దక్కింది నేను పెట్టిన ఈ పేరు. ఆ బాకీ ఇప్పుడు తీర్చుకో. నాకు పాఠాలు చెప్పు.

మొదటి ప్రశ్న. శక్తిని పుట్టించలేం, నశింపజేయలేం అని పుస్తకంలో ఉంది. మనమేమో "కరెంటు పోయింది" అంటాం. పోతే ఎక్కడికి పోయినట్టు? పుట్టించలేమంటే మీ విద్యుత్కేంద్రంలో మీరంతా కూర్చుని చేస్తున్నదేమిటి?

మీ బావ నాకోసం ఒక అలారం గడియారం బాగుచేసి పెట్టాడు. ఊళ్లోవాళ్ల గడియారాలన్నీ ఆయన చేతిలో సరిగ్గా నడుస్తాయి గానీ మా ఇంటిది మాత్రం పది నిమిషాలు ముందుంటుంది. నేను దాన్నే నమ్ముకుని చదువుతున్నాను.

అక్క

*

విద్యుత్కేంద్రం క్వార్టర్లు,
జనవరి 15

అక్కా,

నవ్వాను, అబద్ధమెందుకు. నీ మరదలూ నవ్వింది. తర్వాత "వదిన పాసవుతుంది చూడు" అని పందెం కాసింది. నేను ఎదురు కాయలేదు.

బొమ్మ వెనక పేజీలో గీశాను. వరస ఇలా గుర్తుపెట్టుకో. బొగ్గులో రసాయన శక్తి దాగి ఉంది. కాలిస్తే అది వేడి అవుతుంది. ఆ వేడికి బాయిలర్ గొట్టాల్లో నీళ్లు ఆవిరవుతాయి. ఆవిరి వెళ్లి టర్బైన్ రెక్కల్ని తోస్తుంది, అది గతిశక్తి. టర్బైన్ తిరిగితే జనరేటర్ తిరుగుతుంది. దాని లోపల రాగి తీగచుట్టల మధ్య అయస్కాంతం తిరుగుతుంటే తీగల్లో కరెంటు పుడుతుంది. "పుడుతుంది" అని రాశావో, మార్కు పోతుంది. "గతిశక్తి విద్యుచ్ఛక్తిగా మారుతుంది" అని రాయి. మేం ఇక్కడ ఏదీ పుట్టించం, దాని చేత వేషాలు మార్పిస్తాం, అంతే.

ఇక కరెంటు పోవడం. అది ఎక్కడికీ పోదు. మేం తయారుచేసిన క్షణంలోనే ఎక్కడో ఎవరో వాడేస్తున్నారు. దారిలో తీగ తెగితే మీ వీధిదాకా రాదు. కాబట్టి "కరెంటు పోయింది" కాదు, "కరెంటు రాలేదు" అనాలి. బావకి చెప్పు, గొడవ పెట్టుకోవడానికి కొత్త విషయం దొరుకుతుంది.

నా పని గురించి నువ్వెప్పుడూ అడగలేదు, నేనే చెబుతాను, నీ చివరి పాఠానికి పనికొస్తుంది. ఇప్పుడొక బాయిలర్ ఆపి పాత గొట్టాలు కోసేసి కొత్తవి అతికిస్తున్నారు. అతుకు లోపల పగులుంటే పైకి కనిపించదు. అందుకని ఆసుపత్రిలో ఎముకకి తీసినట్టు మేం అతుకుకి ఫొటో తీస్తాం. మాది ఎక్స్‌రే కాదు, గామా కిరణాలు. అవి గింజంత లోహపు ముక్కలోంచి వస్తాయి. మేం దాన్ని "గింజ" అనే పిలుస్తాం. అది బరువైన పెట్టెలో ఉంటుంది. నేను వెళ్లి అతుకుకి ఒకవైపు ఫిల్ము కట్టి, రెండోవైపు పెట్టె నుంచి వచ్చే సన్నటి గొట్టం బిగించి, ఎర్రగుడ్డలు కట్టిన తాడు దాటి బయటికి వచ్చేస్తాను. అప్పుడు పెద్దాయన దూరం నుంచి మర తిప్పుతాడు. గింజ గొట్టంలోంచి జరుగుతూ వెళ్లి అతుకు దగ్గర ఆగుతుంది. పనయ్యాక మర వెనక్కి తిప్పితే మళ్లీ పెట్టెలోకి వస్తుంది.

పెద్దాయన సంగతి చెప్పాలి. ఇంకో ఏడాదిన్నరలో రిటైరవుతాడు. ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఒక్క మచ్చ లేదు. మర తిప్పే ముందు "బయట ఉన్నావా?" అని మూడుసార్లు అరుస్తాడు. మూడుసార్లూ నేను "బయటే ఉన్నా" అనాలి. రెండుసార్లకి ఊరుకోడు. ఒకసారి ఆయన పక్కనే నిలబడ్డాను, అయినా నా మొహం చూస్తూ మూడుసార్లు అరిచాడు.

తమ్ముడు

*

సామాన్ల గది,
జనవరి 29

ఒరే,

నీ బొమ్మ బీరువా తలుపు లోపలివైపు అతికించాను. సైన్సు మాస్టారు చూసి "ఎవరు గీశారు?" అన్నాడు. "మా తమ్ముడు" అన్నాను, నా గొంతు నాకే కాస్త పెద్దగా వినిపించింది.

"కరెంటు రాలేదు" సంగతి మీ బావకి చెప్పాను. "వస్తే పోయేది, రాకపోతే పోలేదు, ఇంతకీ కొవ్వొత్తి ఎక్కడ?" అన్నాడు. ఆయనతో శాస్త్రం మాట్లాడడం దండగ. కానీ గడియారం స్ప్రింగు చేతిలో పెట్టి "ఇదిగో, నువ్వు పొద్దున్న తాళమిచ్చిన శక్తి ఇందులో దాక్కుంది, రోజంతా కొంచెం కొంచెంగా ఖర్చవుతుంది" అని చెప్పింది కూడా ఆయనే. స్థితిశక్తి పాఠం అలా ఒక్క పూటలో వచ్చేసింది.

దక్షత పాఠం చదివి మతిపోయింది. బొగ్గులో ఉన్నదాంట్లో మూడోవంతే కరెంటవుతుందా! మిగతాదంతా పొగగొట్టంలోంచీ వేడినీళ్లలోంచీ ఆవిరైపోతుందా? ఇంట్లో నేనలా వంట చేస్తే మీ బావ ఊరుకుంటాడా? అయినా పుస్తకం దాన్ని "నష్టం" అనదు, "పరిసరాల్లోకి చేరిన ఉష్ణం" అంటుంది. ఎంత పెద్దమనిషి తరహా మాటో చూడు.

ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఆగిపోయాను. వోల్టేజి పెంచి పంపితే నష్టం తగ్గుతుందంటారు, నా బుర్రకెక్కలేదు. వివరంగా రాయి. ఇక రేడియేషన్ ఒక్కటే మిగిలింది. అది నీ సొంత పొలం. ఎరువేసి పంపు.

నీ కూతురికి ముద్దులు. అది నన్ను "ఫోనత్త" అంటోందట. పరీక్ష అవనీ, నిజం అత్తగా వస్తాను.

అక్క

*

క్వార్టర్లు,
ఫిబ్రవరి 20

అక్కా,

ఆలస్యమైంది. ట్రాన్స్‌ఫార్మర్ సంగతి విడిగా రాసి పెట్టాను. వోల్టేజి పెరిగితే అదే శక్తికి తీగలో కరెంటు తగ్గుతుంది, కరెంటు తగ్గితే తీగ తక్కువ వేడెక్కుతుంది. ఇంతే.

నువ్వు గాభరా పడకూడదు. నాకు బాగానే ఉంది. మేం ఛాతీ మీద ఒక బ్యాడ్జి పెట్టుకుంటాం. అందులో చిన్న ఫిల్ము ఉంటుంది. ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో దాన్ని చూసి చెబుతారు. నెలకోసారి లెక్కకి పంపుతాం. నా జనవరి బ్యాడ్జిలో ఏడాదికి అనుమతించినదానికి పదిహేను రెట్లు వచ్చింది. నన్ను పనిలోంచి తప్పించి విశ్రాంతి ఇచ్చారు. రక్తం తీసి దూరంగా ఒక పెద్ద ల్యాబుకి పంపారు, రిపోర్టుకి ఏడెనిమిది వారాలు పడుతుందట. ఒంట్లో నలతేమీ లేదు. ఆకలి వేస్తోంది, నిద్ర పడుతోంది.

పెద్దాయన్ని సస్పెండ్ చేశారు. నేను లోపల ఉండగానే, పిలవకుండా మర తిప్పేశాడని అంటున్నారు. విచారణ జరుగుతోంది. వాళ్లు అడిగినవాటికి నేను జవాబులు రాసిచ్చాను.

నీ పాఠానికి పనికొస్తుందని ఒకటి రాస్తాను. ఆ బ్యాడ్జిలో ఫిల్ముకి కాస్త ఎడంగా చిన్న చిన్న రేకులుంటాయి, రాగిది, సీసానిది, ప్లాస్టిక్‌ది. ఏ రేకు ఏ కిరణాన్ని ఆపిందో నీడని బట్టి తెలుస్తుంది. ఆల్ఫాని కాగితం ఆపుతుంది, బీటాని పలచటి అల్యూమినియం రేకు, గామాకి మందపాటి సీసం కావాలి. నా ఫిల్ము కడిగాక చూపించారు. నల్లగా మాడిపోయింది. రేకుల నీడలు మాత్రం బ్లేడుతో కోసినట్టు తేటగా పడ్డాయి.

పక్కింటివాళ్లు వాళ్ల బట్టలు మా తీగ మీంచి తీసేసుకున్నారు. నీ మరదలు వాళ్లతో పోట్లాడింది. నేను పిల్లని ఎత్తుకోవడం తగ్గించాను.

తమ్ముడు

*

ఇల్లు,
ఫిబ్రవరి 25

తమ్ముడూ,

ఉత్తరం రెండుసార్లు చదివి మీ బావకిచ్చాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ మొదటినుంచి చదివాడు. ఫోన్లో నీ గొంతు విన్నాను గానీ నువ్వు మళ్లీ "ఊ" అన్నావు, అందుకే రాస్తున్నాను.

ముందు పిల్లని ఎత్తుకో. ఇది ప్రేమతో చెప్పే మాట కాదు, నా పుస్తకం నూట నలభయ్యో పేజీ. బయటి నుంచి కిరణాలు తగిలిన వస్తువు తాను కిరణాలివ్వదు. కిరణాలిచ్చే పదార్థమే ఒంటికి అంటుకున్నా, కడుపులోకి పోయినా ప్రమాదం వేరే. టార్చి వేస్తే గోడ వెలుగుతుంది, ఆర్పితే గోడలో వెలుగు మిగలదు కదా. నీ గింజ పెట్టెలో ఉంది, నీ మీద లేదు. ఈ పేజీ పక్కింటావిడకి చదివి వినిపించమని మరదలికి చెప్పు. అయినా ఇదంతా నాకంటే నీకే బాగా తెలుసు. తెలిసీ ఎందుకు ఎత్తుకోవడం లేదు?

రావాలా? చెప్పు, రేపే బయల్దేరతాను. పరీక్ష పోతే పోనీ.

ఒక అనుమానం. పరీక్ష కోసమే అడుగుతున్నాను. వస్తువుకీ తెరకీ మధ్య ఎడం ఉండి, వెలుగు వచ్చే దిక్కు మారుతూ ఉంటే నీడ అంచులు మసకబారతాయని కాంతి పాఠంలో ఉంది. నువ్వు తిరిగే మనిషివి, వంగుతావు, లేస్తావు. నీ ఛాతీ మీది బ్యాడ్జిలో నీడలు అంత తేటగా ఎలా పడ్డాయి?

అక్క

*

క్వార్టర్లు,
మార్చి 4

అక్కా,

రావద్దు. పరీక్ష పోగొట్టుకోవద్దు.

అర్ధజీవితకాలం అంటే ఒక రేడియోధార్మిక పదార్థం బలం సగానికి తగ్గడానికి పట్టే కాలం. మా గింజకి డెబ్బై నాలుగు రోజులు. అన్ని రోజులకి సగం, మళ్లీ అన్ని రోజులకి అందులో సగం. ఇది తప్పకుండా అడుగుతారు.

బ్యాడ్జి నీడల సంగతి పరీక్షలో రాదు. వచ్చేవి చదువుకో.

తమ్ముడు

*

సామాన్ల గది,
మార్చి 12

తమ్ముడూ,

ఈ కవర్లో రెండు నీలం కాగితాలున్నాయి. జాగ్రత్తగా తియ్యి.

మా మాస్టారి దగ్గర ఎండ తగిలితే నీలంగా మారే కాగితం ఉంది. ఎండలో పెట్టి నీళ్లలో కడిగితే, నీడ పడినచోటు తెల్లగా ఉంటుంది, తక్కినదంతా నీలమవుతుంది. ఆయన్ని అడిగి రెండు ముక్కలు తీసుకున్నాను. రెండు అద్దం ముక్కలకి నా బీరువాల తాళంచెవులు జిగురుతో అంటించాను, ఒక్కో అద్దానికి ఒకటి. వాటి కింద కాగితాలు పెట్టి దారంతో కట్టాను. ఒకటి కిటికీ గట్టు మీద పెట్టాను. రెండోది నా కోటుకి, ఛాతీ దగ్గర పిన్నుతో తగిలించుకుని మధ్యాహ్నం ఎండలో పని చేసుకున్నాను. గాజుసామాను కడిగాను, బల్లలు బయటికి లాగాను, పిల్లల మీద రెండుసార్లు అరిచాను.

గట్టు మీది కాగితంలో తాళంచెవి పళ్లు కూడా లెక్కపెట్టొచ్చు. నా ఛాతీ మీది కాగితంలో ఉన్నది తాళంచెవో గరిటో నువ్వే చెప్పు.

పరీక్షలో రాదన్నావు. నాకు అక్కడే తెలిసింది. నా అనుమానానికి నువ్వు ఎప్పుడూ జవాబు ఎగ్గొట్టలేదు.

ఆ బ్యాడ్జి నీ ఒంటి మీద లేదు. ఎక్కడో కదలకుండా ఉంది. నువ్వు లోపల లేవు. ఆయన పిలిచాడు, మూడుసార్లూ పిలిచాడు, నువ్వు "బయటే ఉన్నా" అన్నావు, బయటే ఉన్నావు కూడా. అవునా కాదా?

నీకేమీ కాలేదని తెలిసి ముందు ఏడ్చాను. సంతోషంతో ఏడ్చాను, అది కూడా చెప్పుకోవాలి. తర్వాత ఒళ్లు మండింది. నీకు ఏదో అయిందని పదిహేను రోజులుగా మీ బావ సరిగా తినడం లేదు. మరదలు లోకంతో పోట్లాడుతోంది. ముప్ఫై ఏళ్లు ఒకే మాట మూడుసార్లు అరిచిన మనిషి ఇంట్లో కూర్చున్నాడు.

ఫ్యూజు ఎగిరిన రోజు "నేనే" అన్నాను చూడు, అది తప్పురా. అప్పుడు నిన్ను కాపాడాననుకున్నాను. నీ తప్పుకి ఇంకొకళ్ల వీపు దొరుకుతుందని నేర్పాను. ఆ పాఠం వెనక్కి తీసుకుంటున్నాను.

అక్క

*

క్వార్టర్లు,
మార్చి 19

అక్కా,

అవును.

ఆ రోజు భోజనాల విరామంలో, పనివాళ్లంతా బయటికి వెళ్లాక, ఒక అతుకు ఫొటో తీస్తున్నాం. పక్క బాయిలర్ నడుస్తోంది, లోపల ఉడికిపోతోంది. ఫిల్ము కట్టడానికి వంగలేక కోటు విప్పి పరంజా కర్రకి తగిలించాను. బ్యాడ్జి కోటుకే ఉంది. పని కాగానే కోటు మర్చిపోయి తాడు దాటి వచ్చేశాను. స్తంభం అడ్డం, పెద్దాయనకి నేను కనిపించను. పిలిచాడు. మూడుసార్లూ జవాబిచ్చాను. గింజ వెళ్లింది, వచ్చింది. తర్వాత వెళ్లి చూస్తే కోటు అతుకుకి జానెడు దూరంలో వేలాడుతోంది. తొడుక్కున్నాను. ఎవరికీ చెప్పలేదు. ఒక్క ఫొటోకి ఏమవుతుందిలే అనుకున్నాను.

బ్యాడ్జి లేకుండా తాడు లోపలికి వెళితే లైసెన్సు పోతుంది. అంకె రాగానే ల్యాబువాళ్లకీ నీకొచ్చిన అనుమానమే వచ్చింది. ఒక కాగితం పంపారు. అందులో ఒకటే ప్రశ్న: "బ్యాడ్జి ఒంటి మీద ఉందా?" ఖాళీలో "ఉంది" అని రాశాను. ఒక్క మాటే అక్కా. అది రాసేటప్పుడు పెద్దాయన గుర్తుకు కూడా రాలేదు. నా లైసెన్సే కనిపించింది. మూడు రోజుల తర్వాత ఆయన్ని సస్పెండ్ చేశారు. అప్పటికే అందరూ నాకోసం పళ్లు తెస్తున్నారు, కుర్చీ వేస్తున్నారు. నేను ఆ కుర్చీలో కూర్చున్నాను.

పిల్లని ఎందుకు ఎత్తుకోవడం లేదని అడిగావు. ఎత్తుకుంటే అది నా మొహం దగ్గరగా చూస్తుంది.

ఏప్రిల్ రెండో వారంలో రక్తం రిపోర్టు వస్తుంది. అంత మోతాదు నిజంగా ఒంటికి తగిలితే రక్తకణాల్లో ఆనవాలు ఉంటుంది. నాకు ఉండదు. అప్పుడు వాళ్లకే తెలుస్తుంది, పెద్దాయన బయటపడతాడు. అంతవరకూ ఆగితే చాలదా? ఫిల్ములో ఏదో లోపం అనుకుంటారు, నా లైసెన్సూ మిగులుతుంది. నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. నీ మరదలికి కూడా.

తమ్ముడు

*

సామాన్ల గది,
మార్చి 24

తమ్ముడూ,

చాలదు.

రిపోర్టు వచ్చి చెబితే అది రక్తం చెప్పిన నిజం, నువ్వు చెప్పింది కాదు. ఫిల్ము లోపం అంటారన్నావు. అంటే ఇప్పుడు పెద్దాయన మీద పెట్టిన తప్పు రేపు ఫిల్ము మీదికి జరుపుతావన్నమాట. ఎప్పటికీ నీ మీదికి రాదు. మీ గింజ డెబ్బై నాలుగు రోజులకి సగమవుతుంది. నువ్వు రాసిన "ఉంది" అలా తగ్గే రకం కాదు. పదేళ్ల తర్వాత కూడా ఇంతే ఉంటుంది.

లైసెన్సు పోతుందేమో. పోతే పోనీ. నలభై నాలుగేళ్ల వయసులో పదో తరగతి పుస్తకం పట్టుకుని పిల్లల బెంచీ మీద కూర్చోబోతున్నాను నేను. మళ్లీ మొదలుపెట్టినంత మాత్రాన మనవాళ్లెవరూ చచ్చిపోరు.

నేను ఎవరికీ రాయను. మీ అధికారికి కాదు, పెద్దాయనకి కాదు. "నేనే" అని ఒకసారి నీ బదులు అన్నాను, ఇంక అనను. నువ్వే అనాలి.

ఏప్రిల్ నాలుగు, సోమవారం, పొద్దున్న పది గంటలకి నా భౌతికశాస్త్రం పరీక్ష. చుట్టూ పదిహేనేళ్ల పిల్లలుంటారు, ల్యాబులో నేను వైర్లు అందించినవాళ్లే. అయినా వెళ్లి కూర్చుంటాను. సరిగ్గా ఆ పది గంటలకి నువ్వు మీ భద్రతాధికారి గది తలుపు తట్టు. ఇద్దరం ఒకేసారి రాద్దాం.

దానికి ముందు మరదలికి చెప్పు. అది బయటివాళ్ల నోట వినకూడదు.

అక్క

*

క్వార్టర్లు,
ఏప్రిల్ 6

అక్కా,

పదికి ఐదు నిమిషాలుండగా వెళ్లాను. మీ ఇంటి గడియారం నాకూ పట్టినట్టుంది.

ముందురోజే నీ మరదలికి చెప్పాను. లేచి వెళ్లి ఎదురింటివాళ్లు ఇచ్చిన పళ్లబుట్ట తిరిగి ఇచ్చేసి వచ్చింది. సాయంత్రం నా చొక్కా ఇస్త్రీ చేసి కుర్చీ మీద వేసింది.

అధికారి ఏదో ఫైలు చూస్తున్నాడు. "సార్, బ్యాడ్జి నా ఒంటి మీద లేదు" అన్నాను. ఆయనకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. కూర్చోమనలేదు. అంతా విన్నాడు.

"ఇన్నాళ్లూ నోరు మూసుకుని ఇవాళే ఎందుకు చెబుతున్నావు?" అన్నాడు.

"మా అక్కకి ఇవాళ పరీక్ష సార్" అన్నాను. అదే నోట్లోంచి వచ్చింది. ఆయన నన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూసి కాగితం ఇచ్చాడు. మూడు పేజీలు రాశాను. నా చేతిరాత ఎన్నడూ అంత గుండ్రంగా రాలేదు.

అక్కడి నుంచి పెద్దాయన ఇంటికి వెళ్లాను. వరండాలో విరిగిన ముక్కాలిపీట బాగుచేస్తున్నాడు. నిలబడే చెప్పాను. సుత్తి కింద పెట్టాడు.

"నేను పిలిచానా?" అన్నాడు.

"పిలిచారు."

"మూడుసార్లు?"

"మూడుసార్లూ పిలిచారు. నేను మూడుసార్లూ జవాబిచ్చాను."

"రెండు నెలల్నుంచి గుర్తు చేసుకుంటున్నాను. పిలిచానో లేదో నాకే తెలియకుండా పోయింది. వయసు మీదపడి మతి పోయిందనుకున్నాను. మా ఆవిడకి కూడా అదే చెప్పాను" అన్నాడు.

తర్వాత పీట తీసుకుని లోపలికెళ్లి తలుపు వేసుకున్నాడు. ఉద్యోగం పోతుందేమోనన్న భయమే ఆయన బాధ అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్లూ. ఆయన మీద ఆయనకున్న నమ్మకమే తీసేశానని నాకు తట్టలేదు. క్షమించమని కూడా అడగకుండానే తిరిగి వచ్చేశాను.

నీ పరీక్ష ఎలా రాశావు?

తమ్ముడు

*

సామాన్ల గది,
మే 30

ఒరే ఫ్యూజుగా,

మళ్లీ ఈ పేరుతో పిలుస్తున్నాను, గమనించావా. ఇన్ని నెలలుగా మానేశాను.

డెబ్బై ఒకటి! పాసు మార్కు కాదురా, వందకి డెబ్బై ఒకటి! మాస్టారు నోటీసు బోర్డు మీద నా నంబరు కింద ఎర్రసిరాతో గీత గీశాడు. బయటి నుంచి కిరణాలు తగలడానికీ, పదార్థం ఒంటికి అంటుకోవడానికీ తేడా రాయమని నిజంగానే అడిగారు. మూడు మార్కుల ప్రశ్నకి రెండు పేజీలు రాశాను. పక్క బెంచీ పిల్ల "ఆంటీ, టైమైపోతోంది" అని నా మోచెయ్యి గిల్లింది. కరెంటు ఎలా తయారవుతుందన్నదానికి "పుడుతుంది" అని రాసి, కొట్టేసి, "మారుతుంది" అని రాశాను. కొట్టేసింది కనిపించేలాగే ఉంచాను.

తాళాలు నా కోటు జేబులో ఉన్నాయి. ఉత్తర్వు పట్టుకొచ్చిన గుమాస్తాకి ఊరికే ఒకసారి గలగలలాడించి చూపించాను.

రిపోర్టు మామూలుగా వచ్చిందని మరదలు చెప్పింది. అది రాకముందే చెప్పావు కాబట్టి లైసెన్సు రద్దు చేయకుండా ఏడాదిపాటు ఆపారని కూడా చెప్పింది. మళ్లీ భద్రతా పరీక్ష రాయాలటగా. ప్రశ్నలు పంపు, ఇక్కడినుంచి నేను బొమ్మలు గీసి పంపుతాను. నవ్వనులే.

పెద్దాయన నీతో మాట్లాడాడా?

అక్క

*

క్వార్టర్లు,
జూన్ 18

అక్కా,

నీ మార్కులు విని నీ మరదలు పందెం గెలిచానని వీధంతా చెప్పింది. నేను ఎదురు కాయనే లేదని ఎవరూ నమ్మడం లేదు.

పెద్దాయన పోయిన నెలలోనే పనిలోకి వచ్చాడు. నన్ను తాడు దగ్గర కాపలాకి వేశారు. గింజ ముట్టుకోకూడదు, తాడు లోపలికి వెళ్లకూడదు, ఎవరూ రాకుండా చూడాలి, అంతే. బ్యాడ్జి మాత్రం పెట్టుకోవాలి. లోపలికి వెళ్లి ఫిల్ము కట్టే పనికి వేరే అతను వచ్చాడు. మూడు వారాలపాటు పెద్దాయన నా వైపు చూడలేదు. నేను ఎదురుపడితే దారి మార్చేవాడు. అనవలసిన మాట రోజూ కూడబలుక్కుని వెళ్లేవాణ్ని, రోజూ అలాగే తిరిగొచ్చేవాణ్ని. నిన్న మధ్యాహ్నం ఆయన మంచినీళ్ల కుండ దగ్గర ఒంటరిగా ఉంటే వెళ్లి "తప్పు చేశాను, క్షమించండి" అన్నాను. గ్లాసు బోర్లించి వెళ్లిపోయాడు.

ఇవాళ కొత్తతను రాలేదు. అధికారే స్వయంగా వెళ్లి ఫిల్ము కట్టి బయటికి వచ్చాడు. తాడు బయట, అవతలివైపు స్తంభం వెనక నేనొక్కణ్నే ఉన్నాను. పెద్దాయన మర పట్టుకున్నాడు. ముందు అధికారిని మూడుసార్లు పిలిచాడు. తర్వాత ఒక్క క్షణం ఆగాడు. మర తిరగడం లేదు.

"బయట ఉన్నావా?"

అధికారి ఇంతకుముందే జవాబిచ్చాడు. ఇది నాకు. ఫిబ్రవరి తర్వాత ఆ గొంతు నన్ను పిలవడం ఇదే మొదలు.

"బయటే ఉన్నా" అన్నాను. మళ్లీ పిలిచాడు, మళ్లీ అన్నాను. మూడోసారీ అయింది. ఇక మర చప్పుడు వినిపిస్తుందనుకున్నాను. వినిపించలేదు. ఆయన నాలుగోసారి అరిచాడు. ముప్ఫై ఏళ్లలో ఎన్నడూ నాలుగోసారి అరవని మనిషి.

"కోటు ఒంటి మీద ఉందా?"

చెయ్యి పెట్టి చూసుకున్నాను అక్కా. బ్యాడ్జి నా గుండెల మీదే ఉంది.

"ఉంది" అన్నాను.

అప్పుడు తిప్పాడు.

తమ్ముడు